చిట్టా వదిలేసి ఆవర్జా మోసుకొచ్చారు



మొన్న ఒక జుమా రోజు, నమాజ్ అయ్యాక, యాడికిలో మసీదు మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నాను. గేటు బయట ఒక ఖాలా నిలబడి ఉంది. డెబ్బైకి దగ్గర వయసు. కొంగులో ఏదో ముడి వేసుకుని పట్టుకుంది. నన్ను చూసి, "బాబా, నువ్వు పేపర్లో రాస్తావు కదా, ఇది చదివిపెట్టు" అని ఒక కాగితం చేతికిచ్చింది. బైతుల్‌మాల్ నుంచి వచ్చిన చీటీ. మూడు వారాల కిస్తు, 600 రూపాయలు బాకీ అని ఉంది.

"మై దిఏ సో పైసే కాఁ గయే?" అంది. నేను కట్టిన డబ్బులు ఎక్కడికి పోయాయి అని. గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

ఆమె ఏడాది కిందట కూతురి కాన్పు ఖర్చుకు 12,000 ఖర్జ్ తీసుకుంది. వడ్డీ లేదు. వారానికి 200. ఒక్క వారం తప్పలేదని ఆమె మాట. కమిటీలో ఒక పెద్దాయన అందరి ముందే అన్నాడట, "కంప్యూటర్ ఝూట్ బోల్తా క్యా?" అని.

ఈ మాట మీదే ఈ రోజు నాలుగు ముక్కలు రాయాలనిపించింది. కంప్యూటర్ అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. దాన్ని అడిగినవాళ్లకు ఎలా అడగాలో తెలీదు, అంతే. తెలియకపోవడం గునాహ్ కాదు. తెలియకుండానే ఒక ముసలమ్మను గవాహీ తెమ్మనడం మాత్రం జుల్మ్.

జరిగింది చెప్తాను. మూడేళ్ల కిందట మన కుర్రాళ్లలో ఒకడు, బెంగళూరులో పని చేసి వచ్చినవాడు, బైతుల్‌మాల్ హిసాబ్ కోసం చిన్న ప్రోగ్రాం రాసిపెట్టాడు. ముప్ఫై మంది ఖర్జ్‌దార్లు, వారం వారం కిస్తులు. ఒక పాత లాప్‌టాప్. పైసా తీసుకోలేదు, అల్లాహ్ అతనికి బర్కత్ ఇవ్వాలి. ఆ ప్రోగ్రాం అడుగున లెక్కలు దాచే సామాను పేరు ఎస్‌క్యూలైట్.

ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. కానీ మీ జేబులో అది ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లోనూ ఐఫోన్లోనూ కాంటాక్టులు, మెసేజ్‌లు, ఎన్నో యాప్‌ల సమాచారం దాంట్లోనే ఉంటాయి. మీ వాట్సాప్ కబుర్లు ఫోన్లో దాచిపెట్టేది కూడా అదే. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో వాడే పెద్ద డేటాబేస్‌లకు విడిగా ఒక సర్వర్ కావాలి, దాన్ని చూసుకునే మనిషి కావాలి. దీనికి ఏదీ అక్కర్లేదు. మొత్తం లెక్క ఒక ఫైలు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జేబులో పెట్టుకోవచ్చు.

దీన్ని 2000 సంవత్సరంలో రిచర్డ్ హిప్ అనే అమెరికా ఆయన మొదలుపెట్టాడు. అప్పుడాయన వాళ్ల నౌకాదళానికి ఒక ప్రోగ్రాం మీద పని చేస్తున్నాడు. యుద్ధనౌకకు దెబ్బ తగిలితే ఏ వాల్వు మూయాలో చెప్పే ప్రోగ్రాం అది. డేటాబేస్ సర్వర్ పడిపోతే ప్రోగ్రామూ మూగబోయేది. సర్వరే లేకుండా నేరుగా ఫైలు చదివితే పోలా అనుకున్నాడు. యుద్ధనౌక కోసం పుట్టిన ఆలోచన ఇవాళ మన బైతుల్‌మాల్ లెక్క మోస్తోంది. ఖుదా కీ ఖుద్రత్.

ఇంకో మాట. ఆయన ఈ ప్రోగ్రాం మీద హక్కులన్నీ వదులుకున్నాడు. ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు, అడగక్కర్లేదు. మామూలుగా కోడ్ ఫైలు మొదట్లో లాయర్ల భాషలో ఒక హెచ్చరిక ఉంటుంది. ఈయన ఆ జాగాలో ఒక దువా రాశాడు. మంచి చేయమని, మాఫీ గురించి, ఇచ్చినదానికంటే ఎక్కువ తీసుకోవద్దని. ఆయన మజహబ్ వేరు. నేను చదివి ఆమీన్ అన్నాను.

నేను ఇంజనీర్ని కాదు. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, ఆ తర్వాత తెలుగు బీఏ. కానీ విలేకరి పనిలో వానల లెక్కలు, వేరుశనగ ధరలు ఏళ్ల తరబడి దాచుకోవాలి కదా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే వాన పడే జిల్లా మనది. ఏ ఏడు ఎంత తగ్గిందన్నదే ఇక్కడ వార్త. ఆ లెక్కల కోసం నా మేనల్లుడు నాకు ఎస్‌క్యూలైట్ నేర్పాడు. దాంతో నేను తిన్న దెబ్బలే నాకు ఉస్తాదులు. అందుకే ఖాలా చీటీ చూడగానే, "లాప్‌టాప్ ఈమధ్య మార్చారా?" అని అడిగాను.

మార్చారు. పాతదాని స్క్రీన్ పోయింది. లెక్కలు చూసుకునే పిల్లాడు డిస్క్ ఊడదీసి, అందులోంచి లెక్కల ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని కొత్తదాంట్లో పెట్టాడు. తెరిచి చూస్తే చివరి మూడు వారాలు లేవు. ఒక్కరివి కావు, ముప్ఫై మందివీ లేవు. డిస్క్ దెబ్బతిని పోయుంటాయి అనుకున్నాడు. ఫోన్లో కట్టినవాళ్లు మెసేజ్ చూపిస్తే వాళ్ల కిస్తులు మళ్లీ ఎక్కించాడు. చేతికి నగదు ఇచ్చినవాళ్లు ఐదుగురు. నలుగురు ఆడవాళ్లు. వాళ్ల దగ్గర రసీదు లేదు. ఎందుకు లేదు? కంప్యూటర్ వచ్చాక రసీదు పుస్తకం మానేశారు కాబట్టి.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. పుస్తకం పోగొట్టుకున్నది దాన్ని పట్టుకున్నవాళ్లు. సబూత్ తెమ్మన్నది కట్టినవాళ్లను.

ఇప్పుడు ఆ మూడు వారాలు ఎక్కడికి పోయాయో చూద్దాం. మన తాతల నాటి కొట్లలో లెక్కకు రెండు పుస్తకాలు ఉండేవి, చిట్టా, ఆవర్జా. పగలంతా జరిగిన బేరాలు చిట్టాలో గబగబా రాసేవాళ్లు. తీరిక దొరికినప్పుడు వాటిని ఎవరి ఖాతా కింద వాళ్లకు ఆవర్జాలోకి ఎక్కించేవాళ్లు. ఎస్‌క్యూలైట్‌లో వాల్ అనే పద్ధతి పెట్టుకుంటే అదీ ఇలాగే చేస్తుంది. 2010లో వచ్చిన పద్ధతి ఇది. అసలు ఫైలు, అంటే జమాఅత్ డాట్ డీబీ లాంటిది, ఆవర్జా. దాని పక్కనే అదే పేరుతో, చివర డ్యాష్ వాల్ అని ఇంకో ఫైలు పుడుతుంది. అది చిట్టా. కొత్తగా రాసిందంతా ముందు చిట్టాలో పడుతుంది. చిట్టా వెయ్యి పేజీలకు చేరినప్పుడు, లేదంటే ప్రోగ్రాంను సరిగ్గా మూసినప్పుడు, ఆవర్జాలోకి ఎక్కుతుంది. ఎస్‌హెచ్‌ఎం అని మూడో ఫైలు కూడా కనిపిస్తుంది. అది చిట్టాలో ఏది ఎక్కడుందో చూపే సూచిక మాత్రమే, పోయినా మళ్లీ పుడుతుంది.

మన పిల్లాడు వారాల తరబడి ప్రోగ్రాం మూయలేదు. లాప్‌టాప్ మూత మాత్రం మూసేవాడు. ముప్ఫై మంది, మూడు వారాలు, తొంభై కిస్తులు. వెయ్యి పేజీలు నిండలేదు. అన్నీ చిట్టాలోనే కూర్చున్నాయి. అతను డీబీ ఫైలు ఒక్కటే మోసుకొచ్చాడు. చిట్టా పాత డిస్క్‌లోనే ఉండిపోయింది.

డిస్క్ పారేయలేదు, అల్‌హందులిల్లాహ్. మసీదు అల్మారాలో పాత క్యాలెండర్ల కింద ఉంది. పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. డీబీ ఫైలు ఒకటిన్నర ఎంబీ, వాల్ ఫైలు ఏడు వందల కేబీ పైచిలుకు. ఏ ఫైలునూ అక్కడ తెరవలేదు. మూడింటినీ కలిపి వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీసి, ఆ కాపీని తెరిచాము. ప్రాగ్మా ఇంటెగ్రిటీ చెక్ అనే ఆజ్ఞ ఇస్తే ఓకే అని వచ్చింది. తొంభై కిస్తులూ వరసగా ఉన్నాయి. ఖాలా పేరు ఎదురుగా 200, 200, 200.

పిల్లాడు ఆ వాల్ ఫైలును తీసుకెళ్లి కొత్త లాప్‌టాప్‌లోని డీబీ పక్కన పెట్టేద్దామన్నాడు. వద్దన్నాను. ఈ పొరపాటు ఎవరూ చేయొద్దు. ఏ ఆవర్జా చిట్టా ఆ ఆవర్జాకే. ఇప్పటికే వేరే దారి పట్టిన పుస్తకం పక్కన పాత చిట్టా పెడితే రెండూ పాడవుతాయి. కొత్తదాంట్లో ఆ తర్వాత ఎక్కిన రెండు వారాల కిస్తులను కాగితం మీద రాసుకుని, బాగుపడిన పుస్తకంలో చేత్తో ఎక్కించాము. గంటన్నర పని.

ఈ వాఖియా చెప్పగానే నాకు రెండు రకాల సలహాలు వచ్చాయి. పెద్దవాళ్లు, "ఈ కంప్యూటర్లు మనకెందుకు, పాత రిజిస్టరే మేలు" అన్నారు. చదువుకున్న కుర్రాళ్లు, "అంతా ఆన్‌లైన్లో పెట్టేస్తే ఈ గొడవే ఉండదు" అన్నారు. రెండింటితోనూ నాకు ఇత్తెఫాఖ్ లేదు.

రిజిస్టర్‌కు చెదలు పడతాయి. వాన రాని ఊళ్లో కూడా కప్పు కారి దస్తావేజులు తడుస్తాయి, నేను చూశాను. కాగితానికి రెండో కాపీ ఉండదు. 2025 జూన్ 6న వక్ఫ్ ఆస్తుల కోసం ఉమీద్ పోర్టల్ తెరిచి, ఆరు నెలల్లో అన్ని వివరాలూ ఎక్కించమన్నారు. చిన్న ఊళ్ల ముతవల్లీలకు ఆ గడువు ఎంత బరువో మీకు తెలుసు. సర్వే నంబరు ఒక సంచిలో, రసీదు ఇంకొకరి ఇంట్లో, గెజెట్ కాపీ ఎవరి దగ్గరుందో తెలీదు. ఆ చట్టం మీద ఎవరి రాయ్ ఏదైనా కానీయండి. మన కాగితం మన దగ్గర వరసగా లేకపోతే ఏ వాదనలోనూ నిలబడలేం.

ఇక ఆన్‌లైన్ మాట. నెలకింత అని కట్టాలి. కట్టడం మానేస్తే లెక్క ఎవరి చేతిలో ఉంటుంది? పైగా ఖర్జ్ తీసుకున్నవాళ్ల పేర్లు అవి. ఎవరి ఇంట్లో ఎప్పుడు తక్కువైందో చెప్పే పట్టిక. అది అమానత్. ముక్కూ మొహం తెలియని కంపెనీ చేతిలో పెట్టే హక్కు కమిటీకి ఉందని నేను అనుకోను. ఎస్‌క్యూలైట్ ఫైలు మన బీరువాలో ఉంటుంది. దాన్ని తయారుచేసేవాళ్లు 2050 దాకా చూసుకుంటామని మాటిచ్చారు. లెక్కల పట్టికలు దీర్ఘకాలం దాచడానికి పనికొచ్చే రూపాల్లో దీన్నీ ఒకటిగా అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం చేర్చింది. ఉచితం, నెట్ అక్కర్లేదు. కరెంటు పోతే సగం రాసిన పద్దు రద్దవుతుంది తప్ప, పుస్తకం చెడదు. మన ఊళ్లకు ఇంతకంటే తగినది నాకు కనబడలేదు.

కానీ దానికీ తబియత్ ఉంది. తెలుసుకుని వాడాలి. నేను చూసిన చిక్కులు కొన్ని రాస్తాను, ఎవరి జమాఅత్‌కైనా, దుకాణానికైనా పనికొస్తాయి.

ఒకటి, డేటాబేస్ లాక్డ్ అని రావడం. పుస్తకంలో ఒకసారికి ఒక్కరే రాయగలరు. రెండో మనిషి వచ్చేసరికి మొదటివాడు రాస్తుంటే ఈ మాట వస్తుంది. భయపడొద్దు. ప్రోగ్రాంలో బిజీ టైమౌట్ అని ఐదు సెకన్లు పెడితే అది తనంతట తానే సబర్ చేసి మళ్లీ ప్రయత్నిస్తుంది. అయినా వస్తుంటే ఎక్కడో ఎవరో తెరిచి మూయకుండా వదిలేశారన్నమాట. లాక్ పోవడానికి వాల్ ఫైలునో జర్నల్ ఫైలునో చెరిపేయమని ఎవరైనా చెబితే వినొద్దు. చిట్టా చింపి పారేయడమే అది.

రెండు, ఇమేజ్ మాల్‌ఫార్మ్‌డ్ అని రావడం. పుస్తకం చెడింది అని అర్థం. అప్పుడు ముందు చేయాల్సింది ఏమీ చేయకపోవడమే. ఉన్న ఫైళ్లన్నీ కాపీ తీయండి. కాపీ మీద ఎస్‌క్యూలైట్ వాళ్ల సొంత ప్రోగ్రాంలో డాట్ రికవర్ అనే ఆజ్ఞ వాడితే దొరికినంత వరకు కొత్త పుస్తకంలోకి తీసిస్తుంది. నేను చూసిన ఇలాంటి చాలా కేసుల్లో కారణం ఒకటే. తెరిచి ఉన్న ఫైలును డ్రైవ్ ఫోల్డర్‌లోనో, ఇద్దరు కలిసి వాడే నెట్‌వర్క్ ఫోల్డర్‌లోనో పెట్టడం.

మూడు, కాపీ తీయడం. తెరిచి ఉన్న ఫైలును ఊరికే కాపీ చేయొద్దు. వ్యాక్యూమ్ ఇన్‌టు అనే ఆజ్ఞ ఉంది, 2019లో వచ్చింది. చిట్టా, ఆవర్జా రెండూ కలిపి ఒకే శుభ్రమైన ఫైలు చేసి ఇస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంకొకరి ఇంట్లో పెట్టండి. తీసిన కాపీని నెలకోసారి తెరిచి చూడండి. తెరిచి చూడని కాపీ మీద భరోసా పెట్టుకోవద్దు.

నాలుగు, తారీఖులు. దీంట్లో తారీఖుకు విడిగా ఒక రకం లేదు. మనం రాసినట్టు 05-03-2025 అని రోజు ముందు పెడితే, వరస తప్పుతుంది. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు రాయాలి. సభ్యత్వ నంబరు 007ను అంకెల గడిలో పెడితే 7 అయిపోతుంది. ఫోను, కార్డు నంబర్లను అక్షరాల గడిలోనే పెట్టండి.

ఐదు, మన పేర్లు. ఇది మనకే ఉన్న ముసీబత్. ఉర్దూలో రహీమ్ అని ఒకరు ఉర్దూ కీబోర్డుతో కొట్టారు, ఇంకొకరు అరబీ కీబోర్డుతో. కంటికి రెండూ ఒకటే. లోపల మాత్రం రెండు యే అక్షరాలకు వేర్వేరు నంబర్లు. వెతికితే ఒకటి దొరుకుతుంది, ఒకటి దొరకదు. తెలుగులో ఇంకా ఘోరం. ఖాదర్, ఖాదిర్, కాదర్, ఖాదరు. షేక్, షేఖ్, షైక్. ఆధార్‌లో ఒకటి, ఓటరు కార్డులో ఒకటి, పాసుపుస్తకంలో ఒకటి. కంప్యూటర్‌కు వీళ్లంతా వేర్వేరు మనుషులే. అందుకని ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి దాంతోనే వెతకండి. కార్డుల్లో ఎన్ని రకాలుగా ఉందో అన్నీ పక్కన రాసిపెట్టండి. రేపు ఎవరికైనా ఏదో ఒక దఫ్తర్‌లో అదే అక్కరకొస్తుంది.

ఆరు, ఒక మనిషి ఖాతా తీసేస్తే అతని కిస్తులు దిక్కులేకుండా మిగిలిపోవడం. ఒక పట్టికకూ ఇంకో పట్టికకూ ఉన్న రిష్తాను కాపాడే ఏర్పాటు దీంట్లో ఉంది, కానీ మామూలుగా అది ఆపి ఉంటుంది. ఫారిన్ కీస్ ఆన్ అని ప్రోగ్రాం తెరిచిన ప్రతిసారీ చెప్పాలి. ప్రోగ్రాం రాసే పిల్లల్ని ఈ సంగతి అడగండి.

ఇవన్నీ నేర్చుకోగలిగినవే. నాలాంటివాడే నేర్చుకున్నాడు. కమిటీలో ఒక్క పిల్లాడి నెత్తిన పెట్టకుండా ఇద్దరు ముగ్గురికి నేర్పండి. డిగ్రీ చదువుతున్న మన ఆడపిల్లలు ఇళ్లలో ఉన్నారు, వాళ్లకు నేర్పండి. బైతుల్‌మాల్‌లో ఖర్జ్ తీసుకునేవాళ్లలో సగం మంది ఆడవాళ్లయినప్పుడు, లెక్క రాసేచోట ఒక్క ఆడమనిషి లేకపోవడం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

అన్నిటికంటే ముందు, రసీదు పుస్తకం మళ్లీ తెరవండి. ఖురాన్‌లో అన్నిటికంటే పొడుగైన ఆయత్ బఖరా సూరాలో ఉంది. అది అప్పు రాసుకోవడం గురించే. రాయండి, గవాహ్‌లను పెట్టుకోండి అని. రాత ఒక్కటే చాలనుకోవద్దని నాకు అందులో అర్థమైంది. కంప్యూటర్ రాస్తుంది, సరే. గవాహ్ ఎవరు? కట్టిన మనిషి చేతిలో ఉన్న చీటీయే. ఖాతా, బాకీ, వసూలు, రసీదు, దాఖలా... ఈ మాటలన్నీ మన ఫార్సీ, ఉర్దూ దఫ్తర్ల నుంచే తెలుగులోకి వచ్చాయి. ఇవాళ తెలుగువాళ్లందరూ వాడుతున్నారు. అన్ని మాటలూ ఇచ్చినవాళ్లం, రసీదు అనే మాటను మనమే మరిచిపోతే ఎలా?

ఆ తర్వాతి జుమాకు కమిటీవాళ్లు ఖాలాను పిలిపించారు. ఝూట్ మాట అన్న పెద్దాయనే లేచి, గలతీ హమారీ థీ, మాఫ్ కరో అన్నారు. ఆయనకు సలామ్, అందరి ముందు అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకోవడం చిన్న పని కాదు. ఖాలా ఏమీ అనలేదు. కొంగు ముడి విప్పి రెండు వందల నోట్ల మడత తీసి బల్ల మీద పెట్టింది. పిల్లాడు కంప్యూటర్‌లో ఎక్కించి, అయిపోయింది ఖాలా, వెళ్లండి అన్నాడు.

ఆమె కదల్లేదు. చేయి చాపి నిలబడింది.

అతను రసీదు రాసి ఇచ్చేదాకా అలాగే నిలబడింది. ఇచ్చాక మడత పెట్టి, డబ్బులున్న కొంగులోనే ముడి వేసుకుని వెళ్లింది.

ఖుదా హాఫిజ్.